విండోస్ వేస్తుంటే డిస్కు కనిపించడం లేదా? మూత విప్పకముందు చూడాల్సినవి

మొన్న వానల్లో పాతపట్నం నుంచి ఒకాయన కొడుకు లాప్‌టాప్ పట్టుకుని పర్లాకిమిడిలో ఉన్న మా షాపుకి వచ్చారు. "బాబూ, ఇందులో డిస్కు పోయిందంట. కొత్తది వెయ్యాలంట. నాలుగు వేలు అడిగారు. నువ్వొకసారి చూడు" అన్నారు. కుర్రాడు ఇంజనీరింగ్ రెండో ఏడు. లాప్‌టాప్ కొని ఏడాది కూడా కాలేదు. స్లో అయిందని విండోస్ మళ్లీ కొట్టించబోతే, ఇన్‌స్టాల్ చేసే చోట డిస్కుల జాబితా ఖాళీగా వచ్చింది. అంతే, డిస్కు చచ్చిపోయిందని తేల్చేశారు. నేను బయోస్‌లోకి (విండోస్ కంటే ముందే లేచే, బోర్డులోని సెట్టింగుల మెనూ) వెళ్లి చూస్తే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే ఆ లాప్‌టాప్‌లో ఉన్న డిస్కు, పేరుతో సహా కనిపిస్తోంది. అరగంటలో విండోస్ ఎక్కింది. డిస్కు మార్చలేదు సరికదా, వెనక స్క్రూ ఒక్కటి కూడా తియ్యలేదు.

మా ఊళ్లో సగం మంది "డిస్కు పోయింది" అంటూ వస్తారు, సగం మంది అదే మాట ఒడియాలో "ఖరాప్ హెయిగలా" అంటూ వస్తారు. ఏ భాషలో చెప్పినా నేను తిరిగి అడిగేది ఒక్కటే: బయోస్‌లో కనిపిస్తోందా, లేదా? ఆ ఒక్క జవాబుతో దారి రెండుగా చీలిపోతుంది. కనిపిస్తే అది చాలావరకు డ్రైవరు (ఆ భాగంతో మాట్లాడటానికి విండోస్‌కి కావాల్సిన చిన్న ప్రోగ్రాం) గొడవ, ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. కనిపించకపోతే అప్పుడు స్క్రూడ్రైవరు తియ్యాలి. ఈ వరస తప్పితేనే బాగున్న ఎస్‌ఎస్‌డీలు చెత్తబుట్టలోకి పోతాయి.

ముందు బయోస్‌లో చూడండి

లాప్‌టాప్ పూర్తిగా ఆపండి. పవర్ బటన్ నొక్కిన వెంటనే బయోస్ మీటను టకటకా కొడుతూ ఉండండి. ఏసర్, ఆసుస్, డెల్‌లలో ఎఫ్2. హెచ్‌పీలో ముందు ఎస్కేప్, తర్వాత ఎఫ్10. లెనోవోలో ఐడియాప్యాడ్‌లకు ఎఫ్2, కొన్నింటికి ఎఫ్ఎన్ మీటతో కలిపి ఎఫ్2. థింక్‌ప్యాడ్ అయితే ఎఫ్1. కొన్ని లెనోవోలకు పక్కన సూదిమొన పట్టేంత కన్నం ఉంటుంది, దాన్ని నోవో బటన్ అంటారు. సిమ్ పిన్నుతో నొక్కితే మెనూ వస్తుంది.

లోపల మెయిన్, ఇన్ఫర్మేషన్, స్టోరేజ్ లాంటి పేజీల్లో డిస్కు మోడల్ పేరు కోసం చూడండి. బూట్ జాబితాలో "విండోస్ బూట్ మేనేజర్" అని కనిపిస్తే చాలనుకోకండి. అది బోర్డు గుర్తుపెట్టుకున్న పాత పేరు కావచ్చు. డిస్కు కంపెనీ పేరో, మోడల్ నంబరో, సైజో కనిపించాలి.

బయోస్‌లో ఉంది, విండోస్‌కి కనిపించదు: ఎందుకు?

2020 సెప్టెంబరులో ఇంటెల్ 11వ తరం లాప్‌టాప్ ప్రాసెసర్లు వచ్చాయి. దాదాపు అప్పట్నుంచే ఈ తలనొప్పి కూడా మా బల్ల మీదికి వచ్చింది. అంతకుముందు చాలా లాప్‌టాప్‌లలో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) మధ్యవర్తి లేకుండానే మాట్లాడేది, విండోస్ తనతో తెచ్చుకున్న మామూలు డ్రైవరే దానికి సరిపోయేది. 11వ తరం నుంచి చాలా లాప్‌టాప్‌లలో మధ్యలో వీఎండీ అనే కంట్రోలర్‌ని ఆన్ చేసి అమ్ముతున్నారు. పూర్తి పేరు వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్. ఎస్‌ఎస్‌డీ దాని వెనకాల ఉంటుంది. ఆ కంట్రోలర్ డ్రైవరు విండోస్ ఇన్‌స్టాలర్‌లో లేకపోతే దాని వెనక ఏముందో తెలియదు. ఇంట్లో మనిషి ఉన్నాడు, కానీ గుమ్మం దగ్గర కూర్చున్నవాడి భాష మనకు రాదు, "ఇంట్లో ఎవరూ లేరేమో" అనుకుని వెనక్కి వచ్చేస్తాం. సరిహద్దు ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

లాప్‌టాప్‌తో పాటు కంపెనీ ఇచ్చిన పాత విండోస్‌లో ఆ డ్రైవరు ముందే ఎక్కించి ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ బాగానే నడిచింది. మీరు పెన్‌డ్రైవ్‌తో శుభ్రమైన విండోస్ వెయ్యబోయేసరికి అది లేదు.

మీది ఈ కోవలోదేనా అన్నది స్టిక్కర్ చూస్తే తెలుస్తుంది. ఐ5-1135జీ7 అంటే 11వ తరం, ఐ5-1235యూ అంటే 12, ఐ5-1335యూ అంటే 13. కోర్ అల్ట్రా అని ఉన్నవీ ఈ జాబితాలోకే వస్తాయి. ఏఎండీ రైజెన్ అయితే వీఎండీ అన్నదే ఉండదు. ఈ భాగం వదిలేసి కింద "కనిపిస్తోంది, కానీ అందులోకి వెళ్లనంటోంది" అన్న భాగానికి వెళ్లండి.

దీనికి రెండు దారులున్నాయి. డ్రైవరు ఎక్కించడం ఒకటి, బయోస్‌లో వీఎండీని ఆపెయ్యడం ఇంకొకటి. రెండోది తేలికని చాలామంది దాన్నే పట్టుకుంటారు. నా ఓటు మాత్రం మొదటిదానికే. ఎందుకంటే రేపెప్పుడైనా బయోస్ అప్‌డేట్ అయినా, ఎవరైనా "లోడ్ డిఫాల్ట్స్" నొక్కినా వీఎండీ మళ్లీ ఆన్ అయిపోతుంది. అప్పుడు మీ విండోస్ నీలం స్క్రీన్ మీద ఆగిపోతుంది. కారణం మీకు గుర్తుండదు, మీ లాప్‌టాప్ చూసే ఇంకో షాపువాడికి అసలే తెలియదు.

డ్రైవరు దారి

దీనికి బాగున్న కంప్యూటరు ఇంకొకటి కావాలి. స్నేహితుడి లాప్‌టాప్ గంటసేపు చాలు. ఫోన్‌తో కూడా దింపుకోవచ్చు గానీ ఇంటెల్ ఇచ్చేది ఈఎక్స్‌ఈ ఫైలు. దాన్ని విప్పడానికి విండోస్ కంప్యూటరే సుఖం.

ముందు మీ లాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మోడల్ నంబరు కొట్టి, స్టోరేజ్ విభాగంలో "ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ" (పొట్టిగా ఆర్‌ఎస్‌టీ) అన్నది దింపండి. అక్కడ లేకపోతే ఇంటెల్ సొంత డౌన్‌లోడ్ పేజీ ఉంది. అందులో ఏ వెర్షను ఏయే తరాలకో శీర్షికలోనే రాస్తారు, చదివి దింపండి. 11వ తరానికి నేను 19తో మొదలయ్యే వెర్షన్లు వాడతాను. కొత్తది కదా అని 20తో మొదలయ్యేది పెడితే, అది 12వ తరం, ఆపైవాటికి కావడంతో జాబితా ఖాళీగానే ఉండిపోతుంది.

ఇక్కడే ఎక్కువమంది జారిపడతారు. దింపిన ఫైలుని ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లో వేసేస్తారు. ఇన్‌స్టాలర్ ఈఎక్స్‌ఈని చదవదు, జిప్‌ని చదవదు. విప్పిన ఫోల్డరు కావాలి, అందులో ఐఎన్ఎఫ్ అనే తోక ఉన్న ఫైలు ఉండాలి. ఇంటెల్ ఇచ్చే సెటప్‌ఆర్‌ఎస్‌టీ ఫైలయితే, అది ఉన్న ఫోల్డర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఫైలు పేరు కొట్టి, ఒక ఖాళీ వదిలి, చిన్న గీత పెట్టి, దానికి అంటించి ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని ఒకే పదంగా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, మళ్లీ ఖాళీ వదిలి కొత్త ఫోల్డరు పేరు ఇవ్వండి. డ్రైవర్లన్నీ ఆ ఫోల్డర్లో పడతాయి. లాప్‌టాప్ కంపెనీవాళ్ల ఈఎక్స్‌ఈలు చాలావరకు ఫైళ్లు విప్పే 7-జిప్ ప్రోగ్రాంతోనే విడిపోతాయి. హెచ్‌పీది అయితే నడిపితే సీ డ్రైవులో ఎస్‌డబ్ల్యూసెటప్ ఫోల్డర్లో విప్పి పెడుతుంది. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, విప్పగానే ఆపెయ్యండి.

విప్పాక లోపల వీఎండీ పేరుతో ఒక ఫోల్డరు ఉంటుంది. అందులో ఐఏస్టార్‌వీడీ అన్న పేరుతో ఫైళ్లు కనిపిస్తే మీకు కావాల్సింది దొరికినట్టే. ఆ ఫోల్డరు మొత్తాన్ని విండోస్ ఉన్న బూటబుల్ పెన్‌డ్రైవ్‌లోకే కాపీ చెయ్యండి. వేరే పెన్‌డ్రైవ్ అక్కర్లేదు.

ఇప్పుడు లాప్‌టాప్ దగ్గర:

1. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చెయ్యండి. డెల్, ఏసర్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్‌కి ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 పనిచెయ్యకపోతే బయోస్ మెయిన్ పేజీలో ఎఫ్12 బూట్ మెనూని ఎనేబుల్ చెయ్యాలి.

2. ఒక యూఎస్‌బీ మౌస్ పెట్టుకోండి. ఈ తరం లాప్‌టాప్‌లలో ఇన్‌స్టాల్ సమయంలో టచ్‌ప్యాడ్ తరచుగా కదలదు. అదీ డ్రైవరు గొడవే, పాడైంది కాదు. మౌస్ లేకపోతే ట్యాబ్, ఎంటర్ మీటలతో నెట్టుకురావచ్చు.

3. "విండోస్ ఎక్కడ ఇన్‌స్టాల్ చెయ్యాలి" అన్న పేజీకి వచ్చాక కింద "లోడ్ డ్రైవర్" ఉంటుంది. విండోస్ 11 కొత్త వెర్షన్లలో పేజీ రూపం మారింది గానీ ఆ మాట ఉంది. దాన్ని నొక్కి, బ్రౌజ్‌లో పెన్‌డ్రైవ్‌లోని వీఎండీ ఫోల్డరు చూపించండి.

4. "ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్" అని, పక్కన ఒక నాలుగక్షరాల గుర్తుతో జాబితా వస్తుంది. 11వ తరానికి 9ఎ0బి, 12వ తరానికి చాలావాటిలో 467ఎఫ్, 13కి ఎ77ఎఫ్. హార్డ్‌వేర్‌కి సరిపడనివి దాచమనే టిక్ ఉంటుంది, దాన్ని తియ్యకండి. టిక్ ఉంచితే మీకు సరిపోయేదే మిగులుతుంది, ఏది ఎంచుకోవాలన్న బెంగ ఉండదు.

5. నెక్స్ట్ నొక్కి ఆగండి. డిస్కు ప్రత్యక్షమవుతుంది. రాకపోతే ఒకసారి రిఫ్రెష్.

జాబితా ఖాళీగా వచ్చినా, సంతకమున్న డ్రైవర్లు దొరకలేదన్నా కారణాలు సాధారణంగా రెండే. ఫోల్డరు సరిగ్గా విప్పలేదు, లేదా తరం తప్పు వెర్షను దింపారు.

మా వైపు నెట్ సంగతి తెలిసిందే. కరెంటు పోతే టవరూ పోతుంది. అందుకని 19, 20 వెర్షన్లు రెండూ విప్పి ఒక పెన్‌డ్రైవ్‌లో పడేసి గల్లా పెట్టెలో ఉంచాను. ఇంట్లో పిల్లలు ఇంజనీరింగ్ చదువుతుంటే మీరూ ఆ పని చెయ్యండి.

వీఎండీ ఆపే దారి

డిస్కులో ఉంచుకోవాల్సింది ఏమీ లేదు, ఎలాగూ మొత్తం తుడిచేస్తున్నారు, డ్రైవరు దింపే వీలు లేదు అన్నప్పుడు ఇది సరే.

ఏసర్‌లో ఈ ఆప్షన్ దాగి ఉంటుంది. బయోస్‌లో మెయిన్ పేజీలో ఉండి కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే అప్పటిదాకా లేని "వీఎండీ కంట్రోలర్" వరస బయటపడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకూ గారడీలానే అనిపించింది. దాన్ని డిజేబుల్ చేసి ఎఫ్10తో సేవ్ చెయ్యండి. ఆసుస్‌లో ఎఫ్7 నొక్కి అడ్వాన్స్‌డ్ మోడ్‌కి వెళ్లి, అడ్వాన్స్‌డ్‌లో వీఎండీ సెటప్ మెనూ తెరవండి. డెల్‌లో స్టోరేజ్ కింద "రెయిడ్ ఆన్" అని ఉన్నదాన్ని మామూలు మోడ్ అయిన "ఏహెచ్‌సీఐ/ఎన్‌వీఎంఈ"కి మార్చండి. లెనోవోలో కాన్ఫిగరేషన్ పేజీలో వీఎండీ పేరుతోనో, స్టోరేజ్ కంట్రోలర్ మోడ్ పేరుతోనో ఉంటుంది. హెచ్‌పీ ఇంటి వాడకం మోడళ్లలో చాలావాటికి ఈ మీట బయటికి ఇవ్వరు. వెతికి విసిగిపోకండి, వాటికి డ్రైవరు దారే.

ఒక్క జాగ్రత్త. డిస్కులో పాత విండోస్ ఉండి, అందులో ఫోటోలో, ప్రాజెక్టు ఫైళ్లో కావాలంటే ఈ మీట మీద చెయ్యి వెయ్యకముందు బిట్‌లాకర్ సంగతి చూడండి. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, మీకు చెప్పకుండానే డిస్కుకి తాళం పడి ఉండొచ్చు. బయోస్ మారగానే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో, డివైసుల పేజీలో దొరుకుతుంది. ముందే కాగితం మీద రాసుకోండి. లాప్‌టాప్ అమ్మిన కుర్రాడి ఈమెయిల్‌తో ఖాతా తెరిచి ఉంటే అతన్ని ఇప్పుడే పట్టుకోండి, తర్వాత ఫోన్ ఎత్తడు.

పాత విండోస్ ఉంచుకునే మోడ్ మార్చాలంటే నేరుగా మార్చకండి. "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అంటూ ఆగిపోతుంది. విండోస్ మీటతో ఆర్ నొక్కి ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ పేజీలో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చెయ్యండి. నేరుగా బయోస్‌కి వెళ్లి మోడ్ మార్చండి. సేఫ్ మోడ్‌లో లేచిన విండోస్ మామూలు డ్రైవరుని పట్టుకుంటుంది. తర్వాత ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చెయ్యండి.

కనిపిస్తోంది, కానీ అందులోకి వెళ్లనంటోంది

ఇది వేరే రోగం. డిస్కు జాబితాలో ఉంది, కానీ "ఎంబీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, జీపీటీ కావాలి" అని చెబుతుంది. డిస్కు భాగాలను రాసిపెట్టుకునే పట్టికలో పాత రకం ఎంబీఆర్, కొత్త రకం జీపీటీ. పాత డెస్క్‌టాప్‌ నుంచి తీసిన డిస్కులకి ఇది మామూలే. తుడవడానికి అభ్యంతరం లేకపోతే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి. కొన్ని లాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా కలపాలి. నల్ల కిటికీ వస్తుంది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో డిస్క్‌పార్ట్ (డిస్కులను తుడిచి, విభజించే విండోస్ పనిముట్టు) అని కొట్టి ఎంటర్, తర్వాత లిస్ట్ డిస్క్.

ఇక్కడ ఆగి సైజులు చదవండి. పెన్‌డ్రైవ్ కూడా ఆ జాబితాలో ఒక డిస్కే. అసలు డిస్కు దాగి ఉన్నప్పుడు డిస్క్ 0 అంటే మీ పెన్‌డ్రైవే కావచ్చు. 14 జీబీ అని చూపిస్తున్నదాన్ని ఎస్‌ఎస్‌డీ అనుకుని తుడిచేసి, ఇన్‌స్టాలర్‌ మధ్యలో చచ్చిపోతే తలపట్టుకున్నవాళ్లని చూశాను. మొదట్లో వాళ్లలో నేనూ ఒకణ్ణి. సరైన నంబరు తేలాక సెలెక్ట్ డిస్క్ అని ఆ నంబరు, తర్వాత క్లీన్, తర్వాత కన్వర్ట్ జీపీటీ. క్లీన్ కొట్టాక వెనక్కి తీసుకునే దారి లేదు, "నిజంగానా?" అని కూడా అడగదు.

"మీడియా డ్రైవర్ లేదు" అన్న సందేశం మొదట్లోనే వస్తే ముందు పెన్‌డ్రైవ్‌ని అనుమానించండి. ఇంకో పోర్టులో పెట్టి చూడండి. ఐఎస్‌ఓని (విండోస్ మొత్తం ఉన్న ఒకే ఫైలు) మళ్లీ దింపి, దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి రాసే రూఫస్ ప్రోగ్రాంలో జీపీటీ, యూఈఎఫ్‌ఐ ఎంచుకుని కొత్తగా రాయండి. పెన్‌డ్రైవ్ 8 జీబీకి తక్కువ ఉండకూడదు. జాతరలో కొన్న చవక పెన్‌డ్రైవులు మీద 64 అని రాసి ఉన్నా లోపల అంత ఉండదు.

బయోస్‌లోనే లేదు

ఇప్పుడు స్క్రూడ్రైవరు తియ్యండి. వారంటీ ఉంటే మాత్రం ముందు సర్వీస్ సెంటరుకే వెళ్లండి. మా వైపు వాళ్లకి బరంపురమో, విశాఖో పోవాలి, విసుగే. అయినా ఉచితంగా మారేదాన్ని విప్పి పాడుచేసుకోవడం దేనికి?

ఒక్క ప్రయోగం విప్పకుండానే చెయ్యొచ్చు. కరెంటు ఉన్నట్టుండి పోయి, బ్యాటరీ పనిచెయ్యని లాప్‌టాప్ ఆగిపోయాక ఎస్‌ఎస్‌డీ మాయమైతే, బయోస్ తెరిచి ఇరవై నిమిషాలు అలాగే వదిలెయ్యండి. ఆపి, అర నిమిషం ఆగి, ఇంకోసారి అలాగే చెయ్యండి. ఎస్‌ఎస్‌డీ లోపల తన పట్టికలు సరిచేసుకుని తిరిగొచ్చిన సందర్భాలున్నాయి. వచ్చిందంటే మొదటి పని బ్యాకప్, విండోస్ తర్వాత.

విప్పితే, ముందుగా బ్యాటరీ కనెక్టరు ఊడదియ్యండి. ఎం.2 ఎస్‌ఎస్‌డీ ఒక్క స్క్రూ మీద నిలబడి ఉంటుంది. అది వదులైతే చాలు, కాంటాక్టు పోతుంది. తీసి, బంగారు రంగు పళ్లని ఐసోప్రోపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, ఏటవాలుగా లోపలికి నెట్టి, కిందికి నొక్కి బిగించండి. ఈ ప్రాంతపు వానాకాలం తేమకి పళ్ల మీద సన్నని పొర పడుతుంది. తుడిస్తే లేచిన డిస్కులు మా షాపులో చాలానే ఉన్నాయి. 2.5 అంగుళాల డిస్కయితే అనుమానం దాని రిబ్బన్ కేబులు మీద. కేబులు వందల్లో దొరుకుతుంది, డిస్కు వేలల్లో. ముందు చవకది మార్చి చూడండి. పాత తిరిగే హార్డ్‌డిస్కు టక్ టక్ మని కొట్టుకుంటోందంటే ఇక ఆన్ చెయ్యకండి. కావాల్సిన ఫైళ్లుంటే ప్రతి ఆన్‌కీ వాటిని చెరుపుకుంటున్నట్టే.

కొత్తగా కొన్న ఎస్‌ఎస్‌డీయే కనిపించకపోతే రకం చూడండి. ఎం.2 ఆకారంలో రెండు జాతులున్నాయి, శాటా ఒకటి, ఎన్‌వీఎంఈ ఒకటి. శాటావాటికి సాధారణంగా రెండు గాట్లు, ఎన్‌వీఎంఈకి తరచుగా ఒకటి. గాట్లు కుదిరి స్లాటులో దూరినంత మాత్రాన ఆ స్లాటు దాన్ని చదువుతుందని కాదు. కొన్ని స్లాట్లు శాటాకే, కొన్ని ఎన్‌వీఎంఈకే. ఆన్‌లైన్‌లో బుక్ చేసేముందు లాప్‌టాప్ మాన్యువల్‌లో ఆ ఒక్క వాక్యం చదవండి.

వేరే లాప్‌టాప్‌లో పెట్టినా, యూఎస్‌బీ కేసులో పెట్టినా కనిపించకపోతే, అప్పుడు అనండి "పోయింది" అని.

ఉబుంటు వేసేవాళ్లకు

ఇప్పటి లైనక్స్ కెర్నెల్‌లో వీఎండీ డ్రైవరు ఉంటుంది కాబట్టి చాలా లాప్‌టాప్‌లలో డిస్కు మామూలుగానే కనిపిస్తుంది. చిక్కంతా 11వ తరానికి ముందువాటిలో, రెయిడ్ లేదా ఆప్టేన్ మోడ్‌లో పెట్టి అమ్మినవాటితోనే. ఆ మోడ్‌లో ఎన్‌వీఎంఈ లైనక్స్‌కి అందదు. ఆర్‌ఎస్‌టీ ఆపమని ఉబుంటు ఇన్‌స్టాలరే చెబుతుంది. ఏహెచ్‌సీఐకి మార్చాల్సిందే. పక్కన విండోస్ కూడా ఉంచుకుంటే పైన చెప్పిన సేఫ్ బూట్ పద్ధతి ముందు ముగించండి.

డిస్కు దొరికాక

ఇన్‌స్టాల్ అయ్యాక విండోస్ 11 నెట్ లేనిదే ముందుకు కదలనంటుంది, వైఫై జాబితా చూస్తే ఖాళీ. మళ్లీ బోర్డు పోయిందని కంగారు పడకండి, వైఫై డ్రైవరు ఇంకా ఎక్కలేదంతే. ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. సెటప్ అయిపోయాక విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ తెరిస్తే వైఫై, టచ్‌ప్యాడ్, సౌండ్ డ్రైవర్లు చాలావరకు అక్కడే ఉంటాయి. ఫోన్ డేటా ఆ రోజుకి అయిపోవచ్చు. పాతపట్నం కుర్రాడిది సగంలో అయిపోతే మా షాపు వైఫై వాడుకున్నాడు, వాళ్ల నాన్న ఆ ఖాళీలో ఎదురు కొట్లో రెండు టీలు తాగొచ్చారు.